వ్యానులో ఆరిపోయే బల్బు

కదిరి దగ్గర పల్లె నుంచి

పెద్దక్కకి సరోజ నమస్కరించి రాస్తున్నది. నేను కులాసాగానే ఉన్నాను. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? బావగారి దగ్గు తగ్గిందా? రేపల్లెలో వానలు పడుతున్నాయా? ఇక్కడ చుక్క లేదు. ఎర్రదుమ్ము అన్నంలోకి కూడా వస్తుంది. రాగి సంగటి అలవాటైంది, బెంగపడకు. ఎవరైనా ఇటు వస్తుంటే గోంగూర పచ్చడి మాత్రం పంపు.

ఈ ఆసుపత్రి వ్యానే ఇప్పుడు నా నర్సు ఉద్యోగమూ, ఇల్లూ. పగలు రోగుల్ని పడుకోబెట్టే బల్లే నా పడక. డ్రైవరు హుసేనన్న బయట నులక మంచం మీద పడుకుంటాడు.

నీకొక్కదానికే ఒక సంగతి చెప్పాలి. ఆ బల్ల పక్క గోడకి ఒక ప్లగ్గు ఉంది. దానికి వైరుతో పెట్టిన బల్బు ఊరికే ఆరిపోయేది, కాసేపటికి దానంతటదే వెలిగేది. మొన్న పొద్దుగుంకే వేళ పురిటినొప్పులతో ఒకమ్మాయిని తెచ్చారు. డాక్టరుగారు మందుల కోసం కదిరి వెళ్లారు. నేనొక్కదాన్నే. సరిగ్గా అప్పుడే బల్బు ఆరింది. ఆ అమ్మాయి అత్తగారు గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆయమ్మ ఈడనే ఉండాది. దీపం ఆర్పేది ఆయమ్మే. మా కోడల్ని లోపల పండబెట్టం."

"ఎవరన్నా ఆయమ్మ?" అని హుసేనన్నని అడిగాను.

ఆయన బల్బు తీసి డ్రైవరు సీటు వెనక ప్లగ్గుకి పెట్టాడు. వెలిగింది. "బల్బు బాగనే ఉండాది, వైరూ బాగనే ఉండాది. తప్పు ఈ గోడలోనే ఉండాది" అని జనరేటరు ఆపేశాడు. టార్చి నా చేతికిచ్చి, ప్లగ్గు ఉన్న చెక్కపలక మరలు విప్పాడు. లోపల ఒక తీగ మరలోంచి ఊడి, కొస నల్లగా కాలి ఉంది. దాని కింద పగిలిన పచ్చ గాజుల ముక్కలు.

అప్పుడు చెప్పాడు. "పోయిన ఎండాకాలం ఒకాయమ్మ ఈ బల్ల మీదనే కానుపు కష్టమై సచ్చిపాయ. బిడ్డా దక్కల్యా. నొప్పులకు తాళలేక ఈ పలక పట్టుకోని పెరికినాదమ్మా."

తీగ కొస గీకి, మర గట్టిగా బిగించాడు. గాజుముక్కలు జేబురుమాలులో కట్టుకున్నాడు. జనరేటరు వేస్తే బల్బు వెలిగింది, మళ్లీ ఆరలేదు. "చూడు పెద్దమ్మా, ఊడింది తీగ. ఇంకేం లేదు" అని అత్తగారిని నేనే ఒప్పించాను.

ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ క్షేమం. నా మనసు ఎంత తేలికపడిందో! తల్లి కళ్లు తెరిచి, "నా చెయ్యి ఇడిసిపెట్టకుండా పట్టుకున్న్యారు, సిస్టరమ్మా" అంది.

"పట్టుకోకపోతే ఎలాగమ్మా?" అన్నాను.

"ఈ చెయ్యి మీరు పట్టుకున్న్యారు. గోడపక్క చెయ్యి ఎవరు పట్టుకున్న్యారు?"

అత్తగారు వాకిట్లోనే ఉంది. హుసేనన్న జనరేటరు దగ్గర ఉన్నాడు. లోపల నేను తప్ప ఎవరూ లేరక్కా.

అమ్మకి ఇది చదివి వినిపించకు. నేను బాగున్నానని, వేళకి తింటున్నానని చెప్పు. అమ్మకీ బావగారికీ నా దండాలు, పిల్లలకి ముద్దులు. నన్ను మనసారా దీవించు. రోజూ ఆ బల్ల మీదే పడుకుంటున్నాను. భయమేమీ లేదు. గోడ వైపు కాస్త చోటు వదిలి పడుకుంటున్నాను.

నీ చెల్లెలు
సరోజ