హోమ్ వైపు

జనవరి 6

ముందుగా క్షమించాలి. నా చేతిరాత బాగుండదు, అక్షరదోషాలు ఇంకా ఎక్కువ. ఒకే గది ఉన్న పల్లెటూరి బడిలో ఎనిమిదో క్లాసు దాకా చదివి ట్రాక్టర్ ఎక్కినవాణ్ణి. ఇది చదివేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి క్షమించేవాళ్ళూ లేరనుకోండి. అయినా చెప్పాలనిపించింది.

ఈ డైరీ విత్తనాల కొట్టువాళ్ళు ఊరికే ఇచ్చారు. పేరు రాయమని మొదటి పేజీలో గీత ఉంది. ఆర్లో హిన్రిక్స్. పెళ్ళి కాలేదు. ఇల్లు మిస్సోరి నది కరకట్ట కింద, అయోవా వైపు.

నిరుడు వసంతంలో కట్ట తెగింది. ఇంట్లో నాలుగో మెట్టు దాకా నీళ్ళు. వంటగది గోడ మీద గోధుమరంగు చార మిగిలింది. రెండుసార్లు రంగు వేశాను. మళ్ళీ పైకి తేలింది.

జనవరి 9

చెల్లెలు విల్మా వచ్చింది. తను కట్టకి దూరంగా ఊళ్ళో ఉంటుంది. చాలా ఏళ్ళు స్కూల్లో వంట చేసి, మూడేళ్ళ కిందట మానేసింది. అన్నయ్యా, పేపర్లో మొక్కజొన్న ధర తప్ప ఇంకేదైనా ఎప్పుడైనా చూశావా, ఇదిగో చూడు, అని నా ముందు పరిచింది. ప్రెసిడెంటు పదవికి పోటీపడుతున్న వాళ్ళందరూ క్లైమేట్ గురించి ఏమేం చేస్తామన్నారో పక్కపక్కన అచ్చేశారు.

ఆమె వెళ్ళాక భూతద్దం పెట్టి చదివాను. ఒకాయన 2035కల్లా పొగ ఆపేస్తానన్నాడు. ఇంకొకావిడ 2050 అంది. అప్పటికి నాకు నూట పదేళ్ళు. నా ప్రశ్న అంత దూరం పోదు. నా ఇల్లు కట్టకి ఏ పక్కన ఉంటుంది?

దానికి ఇద్దరే జవాబిచ్చారు, ఒక సెనేటర్, ఒక గవర్నర్. సెనేటర్ కట్టని ఉన్నచోటే బాగా ఎత్తు చేయిస్తానంటాడు. మొక్కజొన్నతో చేసే ఇథనాల్ వాడకం కూడా పెంచుతాడట, అంటే నా పంటకి గిరాకీ. గవర్నర్ నదికి చోటివ్వాలంటాడు. కట్టని మైలు వెనక్కి జరిపి, మధ్యలో పడ్డ పొలాలు కొనేసి గడ్డికి వదిలెయ్యాలట. అలా చేస్తే విల్మా వాళ్ళ ఊరు మునగదు.

మధ్యలో పడేది నా ఇల్లు.

జనవరి 10

మంచు. ఎవరూ రాలేదు. హాయిగా ఉంది.

జనవరి 15

ధాన్యం గోదాము దగ్గర కాఫీ. డ్వెయిన్ క్రోగర్ ఊపు మీదున్నాడు. మేమిద్దరం ఒకే బడి. అతని పొలం నా పొలానికి ఆనుకునే ఉంటుంది, కట్ట కిందే. సెనేటర్ తరఫున మా ఊరి బాధ్యత అతనిదే.

ఆ గవర్నరు నదికి చోటివ్వమంటున్నాడు, తన ఇంట్లో ముందుగది ఇమ్మను, సోఫా మీద పడుకుంటుంది, అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తరవాత నా భుజం పట్టుకున్నాడు. ఒరేయ్ ఆర్లో, కాకస్‌కి రావాలి, నా పక్కన నిలబడాలి, మాట్లాడక్కర్లేదు, స్తంభంలా నిలబడు చాలు, అది నీకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా, అన్నాడు. వస్తానన్నాను.

కాకస్ అంటే ప్రెసిడెంటు పోటీకి పార్టీ ఎవరిని నిలబెట్టాలో తేల్చడం. పెట్టెలో ఓటు వేసి ఇంటికి రావడం మాకు లేదు. ఊరంతా హాల్లో చేరి, ఎవరికి ఎవరు కావాలో వాళ్ళ వైపుకి నడిచి నిలబడాలి. తలలు లెక్కపెడతారు. ఎవడు ఎటు నిలబడ్డాడో అందరూ చూస్తారు. ఎప్పుడూ ఏదో వంక చెప్పి తప్పించుకున్నాను.

జనవరి 22

ఎన్నికల ఫోన్లు ఆగడం లేదు. ఇవాళ ఎక్కడో దూరం నుంచి ఒకావిడ. సార్, మీకు అన్నిటికన్నా ముఖ్యమైన సమస్య ఏది అంది. నీళ్ళు అన్నాను. తాగునీరా సార్ అంది. కాదు, నీళ్ళు అన్నాను. థాంక్యూ సార్ అని పెట్టేసింది. మంచి పిల్లే.

జనవరి 29

పేపర్ మళ్ళీ చదివాను. మడతల దగ్గర చిరుగుతోంది.

ఈ కట్టని మా నాన్న కాలంలో ఒకసారి ఎత్తు చేశారు. నది అవతలి నెబ్రాస్కా వాళ్ళు ఊరుకుంటారా, వాళ్ళూ చేశారు. మేం మళ్ళీ చేశాం. వాళ్ళూ మళ్ళీ. నది మాత్రం మధ్యలో అలాగే ఇరుక్కుని ఉంది. ఇది నాకు తెలుసు. డ్వెయిన్‌కీ తెలుసు. మేం దాని గురించి మాట్లాడుకోం.

పోల్చడం అయిపోయింది. నాకు అర్థమైంది ఇంతే. నీళ్ళొస్తాయని ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. ఎవరింట్లోకి అన్న దగ్గరే తేడా.

నేను సెనేటర్ వైపే. ఈ ఇంట్లో పుట్టాను. ఈ వయసులో ఇంకో వంటగది అలవాటు చేసుకోలేను.

ఫిబ్రవరి 2

కాకస్ రేపు. విల్మా ఫోన్ చేసింది. దెబ్బలాడుతుందేమో అనుకున్నాను. దెబ్బలాడలేదు. నీ ఇష్టం అన్నయ్యా, మేం గవర్నర్ వైపు తొమ్మిదిమందే తేలాం, పదిమంది లేకపోతే మమ్మల్ని లెక్కలోకే తీసుకోరట, సరేలే, మఫ్లర్ చుట్టుకుని రా, అంది.

ఫిబ్రవరి 4, ఉదయం

నిన్నటిది రాయాలి. రాస్తే తగ్గుతుందేమో.

స్కూలు బాస్కెట్‌బాల్ హాల్లో పెట్టారు. నేను కొంచెం ఆలస్యంగా వెళ్ళాను. కావాలనే. చలిలోంచి వెచ్చటి హాల్లోకి రాగానే కళ్ళద్దాలు మసకేశాయి. కాకస్ నడిపే ఆవిడ మైకులో చెబుతోంది. సెనేటర్ వాళ్ళు హోమ్ వైపు, గవర్నర్ వాళ్ళు విజిటర్స్ వైపు, మిగతా అభ్యర్థుల వాళ్ళు స్టేజి దగ్గర.

హోమ్ వైపు, అంటే మన జట్టువాళ్ళు కూర్చునే వైపు, నాకు తెలియదా? మేనల్లుడు ఆడేటప్పుడు అన్ని చలికాలాలూ అక్కడే కూర్చున్నాను, తలుపులోంచి రాగానే ఎడమ చేతి బెంచీల మీద. తల వంచుకుని, ఎవరినీ చూడకుండా ఎడమకి నడిచాను. గోడ దగ్గర ఆగాక అద్దాలు తుడుచుకున్నాను.

పక్కన విల్మా ఉంది.

నన్ను చూసి ఏదో అనబోయి ఆగింది. తరవాత నా చెయ్యి పట్టుకుంది. చిన్నప్పుడు బడికి వెళ్ళేటప్పుడు పట్టుకున్నట్టు. నా కోసం మనసు మార్చుకుని సెనేటర్ వైపు వచ్చిందనుకున్నాను. నా ఇంటి కోసం తన ఊరిని కాదనుకుందే అనిపించింది. వేళ్ళు నొక్కాను. తనూ నొక్కింది.

అవతలి వైపు నుంచి డ్వెయిన్ టోపీ తీసి ఊపుతున్నాడు. పలకరిస్తున్నాడనుకుని నేనూ చెయ్యి ఊపాను. గవర్నర్ వైపు వెళ్ళి ఏం చేస్తున్నాడీ మనిషి అనుకున్నాను కూడా.

లెక్కపెట్టారు. నా దగ్గరికొచ్చి పది అన్నారు. మావాళ్ళు ఒక్కసారిగా చప్పట్లు. పదిమందికి అంత సంతోషం ఏమిటో అర్థం కాలేదు. సెనేటర్‌కి అంతకన్నా ఎక్కువ రావాలే.

అప్పుడు కార్డులు పంచారు. ఎవరి తరఫున నిలబడ్డామో రాసి సంతకం పెట్టాలి. విల్మా రాస్తుంటే చూశాను. గుండ్రటి అక్షరాలతో గవర్నర్ పేరు రాసింది.

తల ఎత్తి గోడ చూశాను. నా నెత్తి మీద విజిటర్స్ అని బోర్డు ఉంది. పక్క ఊరి స్కూలునీ మనదాన్నీ కలిపేశాక హోమ్ బెంచీలు అవతలికి మార్చారట. భవనం మనది, జట్టు పేరు వాళ్ళది, బెంచీలు అటూ ఇటూ మార్పు అని రాజీపడ్డారు. ఆ గొడవలు జరిగినప్పుడు విన్నాను. విని మర్చిపోయాను.

మైకులో ఆవిడ, ఎవరైనా పొరపాటున వేరే గుంపులో నిలబడితే ఇప్పుడే చెప్పండి, తరవాత మారడానికి లేదు, అంది. జనం నవ్వారు. నా నోరు తెరుచుకుంది. నిజంగానే తెరుచుకుంది. నేను వెళ్ళిపోతే తొమ్మిది. తొమ్మిది అంటే లెక్కలో లేరు.

వెనకనుంచి పోస్టాఫీసులో పనిచేసిన మార్విస్ వీపు తట్టింది. ఆర్లో, నీ పొలం పోతుందని తెలిసీ వచ్చావు, నీ అంత మనసు నాకుండేది కాదు, అంది.

నోరు మూసుకున్నాను. గవర్నర్ పేరు రాశాను. స్పెల్లింగ్ విల్మా కార్డు చూసి రాశాను.

మొహమాటానికి రాశానో, అది నిజమనిపించి రాశానో నాకు తెలియదు. రాత్రి నుంచీ వెతుకుతున్నాను, తేలడం లేదు.

ఫిబ్రవరి 5

కాఫీకి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 8

డ్వెయిన్ ట్రక్కు ఎదురొచ్చింది. పలకరింపుగా స్టీరింగు మీదినుంచి వేలు కూడా ఎత్తలేదు. కొత్తవాళ్ళకి కూడా ఎత్తుతాడు.

ఫిబ్రవరి 13

గవర్నర్ పోటీనుంచి తప్పుకున్నాడు. రేడియోలో చెప్పారు, పంది మాంసం ధరల తరవాత. విల్మా ఫోన్ చేసి, పోనీలే అన్నయ్యా, మన ఊళ్ళో మాత్రం నిలబడ్డాం కదా, అంది. అవును అన్నాను. ఇంకేమనను?

మార్చి 19

నది ఎర్రగా, వెడల్పుగా ఉంది. పాత గండి పూడ్చిన దగ్గర ఊట. కట్ట మీద నిలబడి చూశాను. దూరంగా డ్వెయిన్ కూడా అదే చూస్తున్నాడు. ఇద్దరం చెరో చోట నిలబడి చాలాసేపు చూశాం.

మార్చి 26

ఏ ప్రెసిడెంటూ రాలేదు. కరకట్ట సంఘం వాళ్ళు వచ్చారు. ఈ కట్ట ఇంక నిలవదట. ఎవరు గెలిచినా గెలవకపోయినా వెనక్కి జరపాల్సిందేనట. మధ్యలో పడే రైతులందరూ ఒప్పుకోవాలి. ఎవరూ మొదటి సంతకం పెట్టడం లేదు.

చర్చి కింద గదిలో మీటింగ్. హామ్ శాండ్‌విచ్‌లు పెట్టారు, ఎవరూ ముట్టలేదు. సంఘం పెద్ద లేచి, మనలో ఒకరి సంగతి అడగక్కర్లేదు, ఆర్లో ఎటు నిలబడ్డాడో ఊరంతా చూసింది, అన్నాడు.

అందరూ నా వైపు తిరిగారు. డ్వెయిన్ కూడా.

అది పొరపాటండీ అనడానికి ఇది రెండో అవకాశం. వంటగది గోడ గుర్తొచ్చింది. ఇంకోసారి రంగు వెయ్యాలి అనుకున్నాను. వెంటనే ఎంత అలసట వచ్చిందంటే, కుర్చీలోంచి లేవడానికి బల్ల పట్టుకోవాల్సి వచ్చింది. వెళ్ళి సంతకం పెట్టాను.

ఈసారి పేరు చూసి రాయలేదు. ఈసారి నేనే రాశాను.

ఏప్రిల్ 2

డ్వెయిన్ వచ్చాడు. వాకిట్లోనే నిలబడ్డాడు. నీ ఇంటిని నువ్వే ఏట్లో పారేసుకున్నావు కదరా, అన్నాడు. లోపలికి రమ్మన్నాను. కాఫీ పోశాను. తాగి, ఇంత నీళ్ళకాఫీ తాగి ఎలా బతికావురా ఇన్నాళ్ళు, అన్నాడు. గోడ మీది చారని వేలితో గీశాడు. తన ఇంట్లో ఇంకా పైకి ఉందన్నాడు.

వెళ్ళేటప్పుడు తలుపు దగ్గర ఆగి, నేనూ సంతకం పెట్టేశాను, నువ్వు వెళ్ళిపోయాక అక్కడ నేనొక్కణ్ణీ ఎవడితో పోట్లాడాలి, అన్నాడు. కళ్ళు తుడుచుకోలేదు. టోపీ మాత్రం కిందికి లాక్కున్నాడు.

ఆగస్టు 27

ఇల్లు పడగొట్టారు. చూడ్డానికి వెళ్ళలేదు. విల్మా ఇంట్లో వెనక గది నాకిచ్చింది. కిటికీలోంచి పక్కింటివాళ్ళ గరాజు కనబడుతుంది. తెల్లారేసరికి లేచి ఎక్కడికి వెళ్ళాలో తెలియక మంచం మీదే కూర్చుంటున్నాను. విల్మా కాఫీ బాగా పెడుతుంది. అది ఒప్పుకోవాలి.

సెప్టెంబర్ 3

నడవాలో ఒక ఫొటో ఉంది. రోజూ దాని ముందునుంచే వెళుతున్నాను, ఇవాళ ఆగి చూశాను. విల్మా వంటపని మానేసిన రోజు స్కూలువాళ్ళు తీసింది. బాస్కెట్‌బాల్ హాల్లో, వంటవాళ్ళ మధ్యలో, పూలగుత్తితో నవ్వుతోంది. నెత్తి మీద హోమ్ అని బోర్డు. తలుపుకి కుడిచేతి వైపు. కొత్త వైపు.

సెప్టెంబర్ 4

విల్మా,

హోమ్ వైపు మారిందని నీకు తెలుసు. నేను ఎందుకు మీ వైపు నడిచానో నీకు ఆ క్షణంలోనే తెలిసి ఉండాలి. ఏదో అనబోయి ఆగావు. నా చెయ్యి పట్టుకున్నావు. సంతోషంతో పట్టుకున్నావా, వెళ్ళిపోకుండా పట్టుకున్నావా?

కోపం లేదు. నోటితో అడగలేను, అంతే. ఈ పుస్తకం నీ కాఫీ కప్పు కింద పెడుతున్నాను. చేతిరాత చూసి నవ్వకు. జవాబు త్వరగా రాయి. నేను పక్క గదిలోనే ఉంటాను.