అక్షరమాలలో లేని తాత

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. అమ్మాయీ, పాపా క్షేమంగా చేరారు. నేను మాత్రం క్షేమంగా లేను.

పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుని "తాతా అనమ్మా" అన్నాను. నాలుక అంగిటికి అతికించి "టొక్" అంది. మళ్ళీ అడిగాను. మళ్ళీ టొక్. అమ్మాయిని నిలదీస్తే, నువ్వు కాలేజీలో పాఠం చెప్పే భాషల్లో ఇలాంటివి హల్లులట, నువ్వు ఇంట్లో సాధన చేస్తుంటే పాప పట్టేసిందట! శ, ష, స తేడా తెలియని పిల్లల నాలుకలు సరిచేసి రిటైరైన తెలుగు మాస్టారి మనవరాలు టొక్ అంటుందా? పక్కింటివాళ్ళ ముందు తల కొట్టేసినట్టయింది.

ఇట్లు,
మామయ్య

తా.క. "అమ్మ" అని చక్కగా అంటోంది. కాబట్టి లోపం నాలుకది కాదు, పెంపకానిది.

•

పూజ్యులైన మామయ్యగారికి నమస్కారాలు.

కోప్పడకండి. ఆఫ్రికా దక్షిణాన కొన్ని భాషల్లో ఇవి నిజంగానే హల్లులు. ప్రపంచంలో చాలా అరుదు. అలాగని మనకీ కొత్తేం కాదు. జాలేస్తే చ్చొచ్చొ అంటాం, రుచిగా ఉంటే లొట్టలేస్తాం, గుర్రాన్ని అదిలించడానికీ నాలుకతోనే చప్పుడు చేస్తాం. వాటికి అక్షరాలివ్వలేదు, అంతే.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. పాప ఏ చప్పుడు ఎప్పుడు చేస్తోందో కాస్త రాసిపెట్టగలరా? నా పరిశోధనకి పనికొస్తుంది.

•

మహారాజశ్రీ అల్లుడుగారికి,

ఇప్పుడర్థమైంది. నిన్న మోకాళ్ళ నొప్పులు కూడా మరిచిపోయి, పాపని వీపు మీద ఎక్కించుకుని హాలంతా పాకాను. పైనుంచి టొక్ టొక్ అంటూనే ఉంది. ముద్దొచ్చి ఇంకో చుట్టు తిరిగాను! తమరి ఉత్తరం చదివాక కదా తెలిసింది, నన్ను గుర్రాన్ని చేశారని. పైగా అదంతా నేనే రాసిపెట్టాలా? పాప నోట "తాత" వినేదాకా ఇద్దరినీ పంపేది లేదు.

ఇట్లు,
తమరి గుర్రం

తా.క. మీ అత్తగారు ఒకటే నవ్వు. దానికీ తమరే బాధ్యులు.

•

మామయ్యగారికి నమస్కారాలు.

క్షమించండి. గుర్రాన్ని అదిలించేది బుగ్గ పక్కనుంచి వచ్చే చప్పుడు. అది వేరు. టొక్ అంటే మీరే. మీ ఫొటో చూపించి "తాత" అనమంటే పాపకి నోరు తిరిగేది కాదు. ఆ చప్పుడంటే మాత్రం దానికి ప్రాణం. అందుకని అదే మీ పేరని నేర్పాను. ఫొటో కనిపిస్తే చాలు, టొక్ అంటూ చేతులు చాపేది.

పొరపాటు నాదే. మాన్పించమని మీ అమ్మాయికీ రాశాను. పిల్లలు తొందరగానే మరిచిపోతారు.

ఇట్లు,
మీ అల్లుడు

తా.క. దయచేసి వాళ్ళని పంపించండి. ఇక్కడ నా వంట నేనే తిని, నేనే చ్చొచ్చొ అనుకుంటున్నాను.

•

ఏమయ్యా అల్లుడూ,

మాన్పించమని నీకెవరు చెప్పారు? భర్త మాట ఎప్పుడూ వినని నా కూతురు ఈ ఒక్కటీ విని మాన్పించేసింది! పాప ఇప్పుడు నన్ను ఏమీ పిలవడం లేదు. నా వంక చూస్తుంది, నోరు తెరుస్తుంది, వాళ్ళమ్మ వంక చూసి మూసేస్తుంది.

చివరికి నేనే మొదలుపెట్టాను. నాలుక అంగిటికి అతికించి లాగితే కట్టుడుపళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. అవి పక్కన పెట్టి మళ్ళీ లాగాను. టొక్! పాప తప్పటడుగులు వేసుకుంటూ వచ్చి, నా మెడ కావలించుకుని టొక్ అంది. ఇక ఆ చప్పుడు జోలికి ఎవరొచ్చినా ఊరుకోను. నువ్వూ వెంటనే బయల్దేరి రా.

ఇట్లు,
టొక్

తా.క. ఇవాళ పాప "తాత" అంది. స్పష్టంగా, దీర్ఘం ఎక్కడా పోకుండా అంది. ఎవర్నో తెలుసా? నీ ఉత్తరాలు తెచ్చే పోస్ట్‌మాన్‌ని. ఆ మాట ఆయన్నే ఉంచుకోమన్నాను.