మామయ్య శాంపిల్

జనవరి 6, సోమవారం

మామయ్య తన చొక్కాలు తానే చిన్నవి చేసుకుంటున్నారు. ఈ రోజే తెలిసింది.

ఉతికిన బట్టలు మడతపెడుతుంటే నీలం చొక్కా పక్క కుట్టు చేతికి మందంగా తగిలింది. తిప్పి చూశాను. ఒక కుట్టు పక్కన ఇంకో కుట్టు, దాని పక్కన మూడోది. మిగతా చొక్కాలూ అంతే. ప్యాంట్ల నడుములూ అంతే. ఆయన నలభై ఏళ్లుగా దర్జీ. ఒళ్లు తగ్గిన కొద్దీ బట్టలు కూడా తగ్గించుకుంటూ వచ్చారు. అందుకే మాకెవరికీ ఆయన చొక్కా వదులుగా కనిపించలేదు. ఎందుకిలా అని అడిగితే, వయసు మీద పడ్డాక ఒళ్లు తగ్గడం మామూలేనమ్మా, దర్జీయే వదులు చొక్కా వేసుకుని కూర్చుంటే షాపుకి ఎవడొస్తాడు అన్నారు. అంటూనే దగ్గారు.

ఆ దగ్గు ఎన్నాళ్లుగా వింటున్నాను? నెలన్నరా? రెండు నెలలా? కుట్టుమిషన్ చప్పుడుతోపాటు అదీ అలవాటైపోయింది. నేనేమో ల్యాబ్ టెక్నీషియన్ని. ఊళ్లో వాళ్ల కళ్లె మైక్రోస్కోప్ కింద పెట్టి టీబీ ఉందో లేదో చెప్పడం నా ఉద్యోగం. రెండు వారాలు దాటి దగ్గు ఉంటే పరీక్ష చేయించుకోండి అనే పోస్టర్ నా కుర్చీ వెనకాలే ఉంది. దీపం కింద చీకటి అంటే ఇదే.

డబ్బా చేతికిచ్చి, పొద్దున్నే శాంపిల్ కావాలన్నాను. ఉమ్మి కాదు, లోపల్నుంచి దగ్గి తీసిన కళ్లె. ఆయన నవ్వి, దానికి కూడా కొలతలుంటాయా అన్నారు.

జనవరి 7, మంగళవారం. 11:40

పాజిటివ్.

మైక్రోస్కోప్ కింద, రంగు వేసిన స్లైడ్ నీలం మీద సన్నటి ఎర్ర గీతలు, అవే టీబీ క్రిములు. ఇరవై ఫీల్డ్‌లు, అంటే స్లైడ్ మీద ఇరవై చోట్లు చూస్తే చాలు, వంద చూశాను. ఎన్ని చూసినా ఉన్నవి పోవు కదా.

పొద్దున బయల్దేరేటప్పుడు ఆయన మా పాపను ఎత్తుకుని ఉన్నారు. దాని చెవిలో ఏదో చెబుతున్నారు. దానికి ఆరో నెల. ఈ ఆర్నెల్లూ రోజుకు ఎన్ని గంటలు ఆ ఒళ్లో ఉందో నాకు తెలుసు. నేను డ్యూటీకి వెళ్లగలిగింది ఆ ఒడి ఉండబట్టే.

జనవరి 9, గురువారం

పాపకు ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. మా ఆస్పత్రి డాక్టరమ్మ రెండుసార్లు చెప్పినా మూడోసారి అడిగాను. ఆవిడ విసుక్కోకుండా మళ్లీ చెప్పింది. క్రిమి ఒకవేళ లోపలికి వెళ్లినా జబ్బుగా మారకుండా ఆర్నెల్లు మాత్ర వేయాలి. దాన్ని పొడి చేసి చెంచాలో పట్టాలి. మొదటి డోసు సగం నా చీర మీద ఉమ్మేసింది.

మామయ్య కూడా ఈ రోజు నుంచే మందులు మొదలుపెట్టారు. డాబా మీది గదిలోకి మారారు. మందులు పడ్డ రెండు మూడు వారాలకే అంటించే గుణం బాగా తగ్గుతుంది, కానీ ఇంట్లో పసిపిల్ల ఉంది కాబట్టి రెండో నెల శాంపిల్ నెగటివ్ వచ్చేదాకా ఎత్తుకోవద్దు అంది డాక్టరమ్మ. ఆయన అన్నిటికీ తలూపారు. చివర్న ఒక్కటే అడిగారు, మరి చూడొచ్చా అని.

ఇంటికొచ్చేసరికి అత్తయ్య ఆయన కంచం, గ్లాసు, చెంచా వేరే పెట్టేసింది. గది కిటికీలన్నీ మూసేసింది, చలిగాలి తగులుతుందట. తలకిందులు వ్యవహారం. అత్తయ్యా, ఇది కంచాల్లో ఉండదు, గాలిలో ఉంటుంది, కిటికీలు తెరవండి, కంచాలు కలిపి కడగండి అన్నాను. ఆవిడ మూతి ముడిచింది. కిటికీలు మాత్రం తెరిచింది.

జనవరి 10, శుక్రవారం

మామయ్య మెట్ల మీంచి కేకేశారు. రక్తం పడుతోందట. గుండె ఆగినంత పనైంది. తీరా చూస్తే మందు ప్రభావం, మూత్రం నారింజ రంగులో వస్తుంది. నిన్ననే చెప్పాల్సింది, మర్చిపోయాను. చెమటకీ కళ్లెకీ కూడా ఆ రంగు రావచ్చు, కంగారుపడకండి అన్నాను. అయితే తెల్ల బట్ట కుట్టను అన్నారు.

జనవరి 13, సోమవారం

దగ్గరగా మసిలిన వాళ్లందరికీ పరీక్షలు. నాకు, మా ఆయనకి, అత్తయ్యకి ఏమీ లేదు. మిగిలింది వాచీల ఆయన. మామయ్య షాపులో ఓ మూల టేబుల్ వేసుకుని వాచీలు బాగుచేస్తాడు. పాతికేళ్ల స్నేహం. ఒకే గదిలో, అదీ సగం దించిన షట్టర్ వెనకాల. రమ్మని మూడుసార్లు కబురు పెట్టాను. నాకేం రోగం, దుక్కలా ఉన్నాను అన్నాడట. మీకూ దగ్గుంది కదా అని అడిగిస్తే, అది సిగరెట్ దగ్గు, పెళ్లికి ముందు నుంచీ ఉంది అన్నాడట.

జనవరి 22, బుధవారం

రోజూ సాయంత్రం డాబా మీద, ఆరుబయట, కిటికీకి ఇవతల పాపను ఎత్తుకుని నిలబడుతున్నాను. అవతల మామయ్య. ఆస్పత్రిలో ఇచ్చిన మాస్క్ మీద పూల గుడ్డతో తొడుగు కుట్టుకున్నారు. కళ్లెగరేస్తారు, తలాడిస్తారు, టేపుతో పాము ఆట ఆడిస్తారు. అది కేరింతలు కొడుతుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆయన చేతులు వాటంతటవే ముందుకొస్తాయి. వెంటనే వెనక్కి తీసుకుంటారు. నేను చూడనట్టు ఉంటాను.

ఫిబ్రవరి 8, శనివారం

రెండున్నర కిలోలు పెరిగారు. నీలం చొక్కా మూడో కుట్టు విప్పుకున్నారు.

ఫిబ్రవరి 27, గురువారం

రెండో నెల పరీక్షకి ఇంకా ఎన్ని రోజులు అని పొద్దున అడిగారు. పదకొండు అన్నాను. సాయంత్రం మళ్లీ అడిగారు. పొద్దుట్నుంచి ఏమీ తగ్గలేదు మామయ్యా అన్నాను. ఒకవేళ పాజిటివ్ వస్తే అన్నారు. రాదు అన్నాను. వస్తే, అన్నారు. ఇంకో నెల అన్నాను. లోపలికి వెళ్లిపోయారు.

మార్చి 10, సోమవారం. 12:15

పాజిటివ్. మామయ్య పొద్దున ఇచ్చిన రెండో నెల శాంపిల్‌లో మొదటి రోజు కంటే ఎక్కువ.

రెండు నెలలు మందు మింగిన మనిషిలో ఇన్నా? మందుకు లొంగని రకమా? అదే అయితే పాపకు రోజూ పట్టే మాత్ర కూడా వట్టిదే. అరవై రోజులుగా నా బిడ్డకు పొడి నీళ్లు తాగిస్తున్నానా?

మందు పనిచేస్తుందో లేదో చెప్పే మెషీన్‌లో అదే శాంపిల్ పెట్టాను. రెండు గంటలు పడుతుంది.

2:40

మందుకు లొంగే రకమే. హమ్మయ్య అనుకోబోయి ఆగాను. లొంగే రకమైతే ఎందుకు లొంగలేదు? అసలు మందు మింగుతున్నారా అంది డాక్టరమ్మ. రోజూ నా కళ్లెదుటే మింగుతారు అన్నాను. నాలుక కింద దాచుకుని ఉమ్మేసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు అంది. కోపం వచ్చింది. నాకూ అదే అనుమానం వచ్చింది కాబట్టి.

మార్చి 11, మంగళవారం

పొద్దున్నే డాబా మీదికి వెళ్లి, మామయ్యా, ఏమీ అనుకోకండి అని మూత్రం పట్టివ్వమని ఒక సీసా ఇచ్చాను. నారింజ రంగు. మందు ఒంట్లోకి వెళుతోంది, అందులో సందేహం లేదు.

డ్యూటీకి వెళ్లగానే నిన్నటి డబ్బా తీశాను. తెల్లగా ఉంది, నారింజ ఛాయే లేదు. ఆ ఒక్కటే అయితే పట్టించుకునేదాన్ని కాదు. స్లైడ్ మళ్లీ పెట్టాను. నిన్న ఎర్ర గీతలే చూశాను, పక్కన ఉన్నవి చూడలేదు. ఊపిరితిత్తుల్లో దుమ్ము ఊడ్చే కణాలుంటాయి. వాటి నిండా నల్లటి మసి. ఏళ్ల తరబడి సిగరెట్ తాగేవాళ్లలో కనిపించే మసి. మామయ్య జన్మలో సిగరెట్ ముట్టలేదు.

ఇది మామయ్యది కాదు. ఎవరిదో నాకు తెలిసిపోయింది.

అదే రోజు, సాయంత్రం

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను మెట్లెక్కుతుండగానే మామయ్య మాస్క్ సర్దుకుని లేచి నిలబడ్డారు. ఆ డబ్బాలోది ఎవరిది అన్నాను. కాసేపు కత్తెర వెతికారు. ఎదురుగానే ఉంది.

తర్వాత చెప్పారు. తనది ఎక్కడ మళ్లీ పాజిటివ్ వస్తుందోనని భయమేసిందట. ఇంకో నెల ఆగలేను అనిపించిందట. వాచీల ఆయన రోజూ పొద్దున్నే మెట్ల దగ్గరికి వచ్చి పలకరిస్తాడు కదా, డబ్బా అతనికి ఇచ్చారట. వాడు ఎద్దులా ఉంటాడు కదమ్మా, వాడిదైతే క్లీన్‌గా ఉంటుందనుకున్నా అన్నారు. స్నేహం కోసం అతను డబ్బా సగం నింపి ఇచ్చాడట.

నేను అరిచాను. పెళ్లయి నాలుగేళ్లలో ఆయన మీద ఎప్పుడూ అరవలేదు. రెండు రోజులుగా నేను ఎలా చచ్చానో తెలుసా అన్నాను. నిజంగా మీలో ఇంకా క్రిమి ఉండి, అతనిది నెగటివ్ వచ్చి ఉంటే, నేనే నా చేతులతో పాపను మీ ఒళ్లో పెట్టేదాన్ని కదా అన్నాను. ఆయన మంచం మీద కూలబడ్డారు. తప్పయిపోయిందమ్మా అన్నారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి తలొంచుకుని అలా అంటే నాకు ఇంక కోపం నిలవలేదు. ఏడుపొచ్చింది.

కాసేపటికి తలెత్తి, అయితే వాడికి ఉందా అన్నారు. మీకంటే ఎక్కువే ఉంది అన్నాను. చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగి పరిగెత్తారు.

మార్చి 12, బుధవారం

వాచీల ఆయనను చెయ్యి పట్టుకుని మామయ్యే తీసుకొచ్చారు. ఈసారి అతను తన పేరు మీదే శాంపిల్ ఇచ్చాడు. అదే వరస, 3 ప్లస్, అంటే లెక్కలో అన్నిటికంటే పైమెట్టు. కుడి ఊపిరితిత్తిలో పుండు. ఇంకో రెండు నెలలు సిగరెట్ దగ్గే అనుకుని ఉంటే ఏమయ్యేదో డాక్టరమ్మ అతనికి చెప్పలేదు, నాకు చెప్పింది.

బెంచీ మీద ఇద్దరూ మాస్కులు పెట్టుకుని ఒకటే గొడవ. నావల్లే నీకు అంటుకుంది అంటారు ఈయన. కాదు, నా దగ్గు పాతది, నేనే నీకు అంటించాను అంటాడు వాచీల ఆయన. ఎవరూ తగ్గరు. చివరికి నన్ను తీర్పు చెప్పమన్నారు. చెప్పలేం అన్నాను. నిజంగానే చెప్పలేం.

మార్చి 14, శుక్రవారం

మామయ్య శాంపిల్. ల్యాబ్ వెనక ఆరుబయట నిలబెట్టి, ఎదురుగా ఉండి తీయించాను. నారింజ ఛాయ ఉంది. మూడు వందల ఫీల్డ్‌లు చూశాను. కళ్లు మంటలు పుట్టాయి.

నెగటివ్.

డాక్టరమ్మ పాపను కూడా చూసింది. బరువు బాగుంది, ఊపిరి బాగుంది. పాప మాత్ర, మామయ్య మందులు కోర్సు పూర్తయ్యేదాకా ఆపొద్దంది. ఆదివారం పాపను ఇస్తానని చెప్పాను. మామయ్య అత్తయ్యను పిలిచి, ఆవిడ ముందు నాతో అదే మాట మళ్లీ చెప్పించుకున్నారు.

మార్చి 16, ఆదివారం. 9:10

గడ్డం గీసుకుని కిందికి వచ్చారు. మాస్క్ తీసేసి చేతులు చాపారు. పాప ఆ ముక్కూ మూతీ చూసి గుక్కపెట్టి ఏడ్చింది. దానికి ఆయన ఎవరో కొత్త మనిషి.

ఆయన అటు తిరిగి, మాస్క్ కట్టుకుని, ఇటు తిరిగారు. పాప ఆయన మీదికి దూకింది.

మాస్క్ ఇక అక్కర్లేదని చెప్పాల్సింది నేనే. చెప్పలేదు.