మోకాలికి రెండువేల సాల్ గండం

డం డం డం! ఇందుమూలంగా కట్టంగూర్‌ల మా అక్క ఇంటి వారందరికి తెలియజేయునది ఏమనగా, నేను విడిచి వచ్చిన నీలి గళ్ళ లుంగీని బావ కట్టుకొని అంగడికి పోతున్నట్టు దుబాయ్ దాకా సమాచారం అందినది. సదరు లుంగీని ఉతికి, మడతపెట్టి, వెంటనే సందూకలో పెట్టవలెను. లేనియెడల బావ పంచెలన్నీ జప్తు చేయబడును. డం డం!

అక్క యాదమ్మకు తమ్ముడు సత్తయ్య దండం పెట్టి రాస్తున్న. నేను మంచిగున్న. తింటున్న, పంటున్న, జర లావైన గూడ. నువ్వు, బావ, పెద్దవ్వ, బర్రె, అందరి పాణం మంచిగున్నదా? బర్రెను అడిగినట్టు చెప్పు, నేను వచ్చేటప్పుడు అలిగి మొఖం తిప్పుకున్నది.

ఈడి ఎండ మన రోహిణి కార్తెకు పెద్దన్న. దవాఖాన లోపలికి పోతే మాత్రం ఏసీకి పండ్లు టకటక కొట్టుకుంటయ్. ఆపరేషన్ రూములు కడుగుడు నా పని. ఉండే రూముల ఆరుగురం, వంతులేసుకొని వండుకుంటం. నా వంతు నాడు పచ్చిపులుసు చేసిన. కేరళోళ్ళు కండ్లల్ల నీళ్ళు తీసుకొని తిన్నరు. కారం ఎక్కువై వచ్చిన నీళ్ళు, నేను మెచ్చుకోలనుకున్న. శుక్కురారం సెలవు నాడే పొద్దు పోదు. మంచం మీద కూసోని మీ ఉత్తరాలే తిప్పి తిప్పి సదువుకుంట. ఫికర్ చెయ్యకు, మంచిగనే ఉన్న.

బావ ఉత్తరం అందింది. హైదరాబాద్‌ల నీ మోకాలు ఆపరేషన్‌కు దినం ఖాయమైనంక, నువ్వు నాకొద్దంటే నాకొద్దని మంచం కోడు పట్టుకొని కూసున్నవట. ఎందుకంటే, పోయిన ఉత్తరంల నేను రాసిన, మా రూముల ఉండే షాద్‌నగర్ నర్సిమ్ములు మాట. మోకాలు లోపల కంప్యూటర్ పెడతరు, జనవరి ఒకటికి రెండువేల సాల్ రాంగనే తారీకు లెక్క తప్పి దునియల కంప్యూటర్లన్ని బందైతయ్, మోకాలు గూడ నడి తొవ్వల ఆగుతదని వాడన్నడు గద. పంటి సందులకెళ్ళి ఈల లేస్తది మాట్లాడితే, వాని మాట పట్టుకొని డాక్టర్ మాట ఇడుస్తవా? మొన్న వాన్ని నిలదీసిన. "ఉత్తగ అన్న భాయ్, అక్కకు చెప్పు" అని చెంపలేసుకున్నడు.

నా కండ్లతోటి చూసింది రాస్త, ఇను. జర్మనీకెళ్ళి కొత్త మిషన్ వచ్చింది. ఒక ముసలామెకు ఆపరేషన్. నీ లెక్కనే మోకాళ్ళు బయటికి ఒంగినయ్. ఆపరేషన్ నడుమ నీళ్ళు కింద ఒలికితే తుడువ నన్ను పిలిచిండ్రు. తొడ ఎముకకొకటి, కింది బొక్కకొకటి సన్నటి కడ్డీలు బిగించి ఉన్నయ్, వాటి కొసలకు గోలీలంత తెల్ల గుండ్లు. దూరంకెళ్ళి ఒక కెమెరా ఆ గుండ్లనే చూస్తాంది. డాక్టర్ కాలు పట్టి గుండ్రంగ తిప్పిండు. టీవీ మీద తుంటి కీలు కాడికెళ్ళి చీలమండ దాకా గీత వచ్చింది. గోడ కట్టేటప్పుడు మేస్త్రి దారం గుంజి చూస్తడే, అచ్చం గట్లనే. వంకరున్నదని దారం చెప్తది గాని, ఇటుక పెట్టేది మేస్త్రి చెయ్యే గద. బొక్క కోసేది డాక్టరే.

గీడనే నా ఇజ్జత్ పోయింది. కెమెరా అంటే ఫొటో తీస్తున్నరనుకున్న. పెండ్లిల నిలబడ్డట్టు, తుడిచే కట్టె పక్కకు పెట్టి, టోపీ సర్దుకొని, కాలుకు కెమెరాకు నడుమ సీదా నిలబడి ఊపిరి బిగబట్టిన. టీవీ మీద గీత మాయం!

"హటో!" అని డాక్టర్ ఒర్రిండు.

"ఒక్కటి తియ్యుండ్రి సార్, మా అక్కకు పంపాలె."

కేరళ నర్సు నా రెట్ట పట్టి గుంజింది. గీత మల్ల వచ్చింది.

తర్వాత ఆమెనే అడిగిన. "సిస్టర్, మోకాలు లోపల కంప్యూటర్ ఎంతుంటది?"

"నీ నెత్తిల మెదడు ఉన్నంత," అన్నది. "లోపల పెట్టేది లోహం, ప్లాస్టిక్, గంతే. కంప్యూటర్ బయటనే ఉంటది. అది లేకున్నా డాక్టర్లు కొలతలు పెట్టుకొని ఎన్నో ఏండ్ల సంది చేస్తనే ఉన్నరు."

అంటే హైదరాబాద్‌ల గీ మిషన్ లేకున్నా నీకు రంది లేదు.

ముసలామె రెండు దినాలు నొప్పికి ఏడ్చింది, నీ కాడ దాసిపెట్టను. తర్వాత నాలుగు కాళ్ళ స్టాండు పట్టుకొని వరండాల నడిచింది. నన్ను చూసి "ఫొటోగ్రాఫర్!" అని నవ్వింది. కాలు సీదాగున్నది అక్కా, కొత్త గోడ లెక్క.

రెండేండ్ల సంది బతుకమ్మకు నువ్వు పీట మీద కూసోని చప్పట్లు కొడుతున్నవ్. పాట ఎత్తేది నువ్వు, తిరిగేది వాడకట్టంత. గది నాకు మంచిగనిపిస్తలేదు.

ఎవలన్న ఇటు వచ్చేటోళ్ళుంటే పుంటికూర తొక్కు పంపు. పెద్దవ్వ కాళ్ళకు నా దండాలు, పిల్లలకు ముద్దులు. నీ కాళ్ళకు గూడ మొక్కుతున్న, మోకాలికి తాకకుండ. నువ్వు నా నెత్తి మీద చెయ్యి పెట్టినట్టే అనుకుంట.

ఒక్క ముచ్చట మిగిలింది. నర్సిమ్ములును తిట్టకు. షాద్‌నగర్ నర్సిమ్ములు అనెటోడే లేడు. వాని పంటి సందు, వాని ఈల, మొన్న వేసుకున్న చెంపలు, అన్నీ నేను చేసినయే. నీ ఆపరేషన్ ముచ్చట విన్ననాడే కూసోని వాన్ని పుట్టిచ్చిన. నువ్వాడ, నేనీడ. భయమైతే నాకు ఏడ్పు రాదు, మస్కిరి, నవ్వులాట వస్తది, నీకెరుకే. ఆ భయం నాది అక్కా, నీకంటిచ్చిన. నువ్వు దవాఖానకు పో.

లుంగీ బావనే కట్టుకోమను.

నీ అబద్ధాల తమ్ముడు
సత్తయ్య