మిషిను కింద వడ్లకుప్ప

యశోదా,

నీకు చెప్పుకోనిదే ఇయ్యాల ముద్ద దిగుతలేదు. కొత్త మిషిన్లు కనిపెట్టేటోళ్లకు సర్కారు పైసలిచ్చే ఆఫీసుకు పెద్దసారును గదా, వడ్లు కొట్టే మిషిన్‌ను మన మెదక్‌లనే మంత్రికి చూపెట్టిన.

పొద్దుగాల మోటరు నడిచింది గని వడ్లు రాల్చే లోపలి డ్రమ్ము తిరగలే. మా ఇంజినీరు పరేషానై అడిగితే, "ఏదో ఒకటి చెయ్యుండ్రి" అన్న. అతను మీ తల్లిగారి శంకరంపేట దిక్కు నుంచి కూలి ఆడోళ్లను పిలిపించి, వరికట్టలు బండకు కొట్టించి, ఆ వడ్లు తెచ్చి మిషిను కింద పోయించిండు, గడ్డి పక్కన వేయించిండు.

మంత్రి వచ్చేసరికి మోటరు మోత మోగుతనే ఉంది. ఆయన గుప్పెడు వడ్లు చేతుల పోసుకొని మస్తుగ మెచ్చుకున్నడు. నా మెడల దండ వేసిండ్రు. నువ్వుంటే గడ్డి చూసే పట్టేస్తుంటివి. మిషిన్ల పడ్డ గడ్డి నలుగుతది, ఇదేమో కట్ట కట్టినట్టే ఉండె.

అందరు పోయినంక ఆ ఆడోళ్లల్ల ఒకామె కొంగుతోటి దుమ్ము తుడుసుకుంట నా దగ్గరికొచ్చింది. ఎగతాళికి కాదు, నిజంగనే అడిగింది: "సారూ, మల్ల మిషిను నడిపేనాడు గూడ మమ్ముల్నే పిలువుండ్రి."

నేను "సరే" అన్న.

ఎక్కడ దండ పడ్డా తెచ్చి నీ చేతికిచ్చేటోన్ని. నువ్వు పోయినంక నీ ఫోటోకు వేస్తున్న. ఇయ్యాల్టిది జీపులనే ఇడిసిపెట్టొచ్చిన.