ఎడమకాలు ముందు

చి.సౌ. దీపకు,

ములుగు అడవిలోంచి నీ భర్త రమాకాంత్ ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ క్షేమం. సిగ్నల్ మాత్రం లేదు, అందుకే జీపు డ్రైవర్ కట్టయ్య చేతికి ఉత్తరం ఇస్తున్నాను.

మన దుకాణంతో అర్జెంటు పని పడింది. నేను బోటు నడిపే ఈ చెరువులో, బోటు వెనక తాడు పట్టుకొని, ఒకే చెక్క మీద రెండు కాళ్లూ పెట్టి, నీళ్ల మీద అటూ ఇటూ మలుపులు తిరిగే ఆట ఉందని చెప్పాను కదా. స్లాలం అంటారు. ఆ చెక్కకు రబ్బరు బూట్లను పట్టి ఉంచే పలకలు, అదే బైండింగ్ ప్లేట్లు, పగిలిపోయాయి. మరమగ్గాల సామాను చేసే నీకు ఇదొక లెక్క కాదు. ఇనుము వద్దు, తుప్పు పడుతుంది. అల్యూమినియంతో చెయ్యి. మరీ మందమైతే చెక్క వంగదు, మరీ పలుచనైతే స్క్రూల దగ్గర చీలుతుంది. రంధ్రాలు పొడుగ్గా కొయ్యి, పలకను ముందుకూ వెనక్కీ జరుపుకోవచ్చు.

ఇక్కడ ఒకరు కొత్తగా నేర్చుకుంటున్నారు. ఆదివారం పోటీలో దిగుతున్నారు. వారి పాదాలు గీసి, పలకల కొలతలు రాసిన కాగితం పంపుతున్నాను. ఎడమకాలు ముందు, కుడికాలు వెనక.

ఇట్లు,
నీ రమాకాంత్

తా.క.: వారిని నీళ్ల మీద చూడాలి దీపా! చూసినవాళ్లు రెప్ప వెయ్యరు.

*

బావకు,

దీప నమస్కారం పెట్టి రాసేది. నేను బాగున్న. నువ్వు ఇంకా బాగున్నవని ఉత్తరం చూస్తేనే తెలుస్తాంది.

కాయితం చూసిన. మన దుకాణంల పనిచేసే మల్లక్క గూడ చూసింది. "ఎంత నాజూకు పాదం బిడ్డా, ఇది మొగోళ్లది గాదు" అన్నది. బొటనవేలు కన్న పక్కవేలు పొడుగున్నది. అసొంటి ఆడది మొగుణ్ని చెప్పుకింద పెడతదట! ఆ వేలికి మెట్టె గుర్తు గూడ లేదు. అంటే ఇంకా పెండ్లి గాలె. ఎడమకాలు ముందు పెట్టేదాన్ని ఏ అత్త ఇంట్లకు రానిస్తది?

ఇంకో సంగతి. నువ్వు మా నాయనను గూడ ఎన్నడు "గారు" అనలె. ఇప్పుడేమో "నేర్చుకుంటున్నారు", "దిగుతున్నారు", "వారి పాదాలు"! చెరువు కాడికి పోయి అచ్చుపుస్తకం లెక్క రాస్తానవ్. నేర్చుకుంటాండా, నేర్చుకుంటాందా? జర తెలిసేటట్టు చెప్పు.

బోటు నడుపుడే గాని నీళ్లల్ల దిగనని నా మీద ఒట్టేసి పోయినవ్. ఉగాదికి పోయినోనివి, ఒక్కసారన్న "రా దీపా, చెరువు చూద్దువు" అన్నవా? నాకు కడుపు మండుతాంది బావా. దాచుకునుడెందుకు.

ఇట్లు,
నీ పెండ్లాం

తా.క.: నా పాదం గూడ గీసి పంపుతాన, మెట్టెలతోని. ఎట్లుంటదో మర్చిపోయినవేమో.

*

చి.సౌ. దీపకు,

ఆశీస్సులు. నీ ఉత్తరం చదివి ఒక్కడినే నవ్వుకున్నాను. ఫికర్ చెయ్యకు. వారెవరో పోటీ అయ్యాక నేనే చెబుతాను. ఇప్పుడు చెబితే తిడతావు. చాలా మంచివారు. నన్ను బాగా అర్థం చేసుకుంటారు. పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా నాతోనే ఉంటారు. నీక్కూడా బాగా నచ్చుతారు.

ముందు పలక దగ్గర మాత్రం జాగ్రత్త. నేను రాసిచ్చిన కొలత కంటే వేలెడు ముందుకు జరిగినా చెక్క ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది. నిలబడ్డవారు ఎగిరి ముందుకు పడతారు.

ఇట్లు,
నీ రమాకాంత్

తా.క.: నీ పాదం అందింది. కట్టయ్య దాంట్లో మిరపకాయ బజ్జీలు కట్టుకొని వచ్చాడు. నూనెకు మెట్టెలు కనబడలేదు.

*

గౌరవనీయులైన రమాకాంత్ గారికి,

దుకాణం ఓనరు దీప రాసేది. ప్లేట్లు కట్టయ్యతోని పంపుతాన.

"రాత్రి పడుకునే దాకా నాతోనే"! ఈ ముక్క చదివినంక నాకు అన్నం దిగలె. నా పళ్లెంలది గూడ మల్లక్కనే తిన్నది.

పొడుగు రంధ్రాలు కొయ్యలె. అటిటు జరిగే యవ్వారం నాకు నచ్చది. గుండ్రంగనే కొట్టిన. ఒకసారి బిగిస్తే బిగిసినట్టే ఉండాలె, లగ్గం లెక్క. ముందు పలక సంగతి మీరు శాన మంచిగ సమజ్ చేసిండ్రు. వేలెడు జరిగితే ఏమైతదో మల్ల మల్ల చదువుకున్న.

ఇట్లు,
తమరి దుకాణం

తా.క.: వారికి ఈత వస్తదా? ఊకెనే అడిగిన.

*

దీపా!

ఆశీర్వాదం లేదు, ఏం లేదు. నడుముకు పట్టీ కట్టుకొని రాస్తాన.

బోటు ఊపందుకున్నదో లేదో చెక్క ముక్కు నీళ్లల్ల దిగింది. నేను గాలిల లేచిన. అవును, నేనే! ఆ "వారు" నేనే! ఒట్టు తప్పినానని తెలిస్తే ప్లేట్లు చెయ్యవని దాచిన. కప్పు గెలిచి నీ ముందట నిలవడాలనుకున్న. గెలుసుడు సంగతి దేవుడెరుగు, లైఫ్ జాకెట్ ఉండబట్టి తేలిన. వణుకుకుంట ఒడ్డుకొస్తే పాపం ఎవరో తువ్వాల ఇచ్చారు.

నొప్పి పోతది తియ్. ఇన్నేండ్లు కాపురం చేసి మొగుని కాళ్లు గుర్తుపట్టవా? నాది నాజూకు పాదమా? నేను పెండ్లిగాని పిల్లనా? మరి నువ్వు ఇన్నాళ్లు ఎవరి కాళ్లు చూస్తానవ్?

రమాకాంత్

తా.క.: పక్కవేలు పొడుగుంటే మొగుణ్ని చెప్పుకింద పెడతరన్నవ్. ఆ వేలు నాకుండి ఏం లాభం?

*

బావా,

దెబ్బలు గట్టిగ తాకినయా? ముందుగాల అది చెప్పు. పలక వేలెడు జరిపింది నేనే. ఎవతెనో పడగొడదామని నా మొగున్నే పడగొట్టుకున్న. బుద్ధి తక్కువై చేసిన.

కాని కాళ్లు గుర్తుపట్టలేదని మాత్రం అనకు. మెట్టెలు తొడిగిననాడు నా కాలు నువ్వు పట్టుకొని చూసినవ్. నీ కాళ్లు నేనెప్పుడు చూడాలె? నువ్వు ఇంట్ల ఉంటే గద!

కొత్త ప్లేట్లు కొడుతాన. ఈసారి పొడుగు రంధ్రాలే. శనివారం కట్టయ్య జీపుల నేనే పట్టుకొస్తాన. నిన్ను నిలవెట్టి, నీ కాళ్లకు సరిపోయేటట్టు నా చేతులతోనే బిగిస్త. రమ్మని పిలిచేదాక ఆగ.

ఇట్లు,
నీ దీప

తా.క.: ఉత్తరమంత కోపంతోని మన మాటల్లనే రాసినవ్. తువ్వాల కాడికి వచ్చేసరికి "ఇచ్చారు" అన్నవ్. ఇచ్చిండా, ఇచ్చిందా?