రెండో బ్రేక్

కోరుట్ల,
9 అక్టోబర్ 2011, ఆదివారం.

కొడుకు మహేశ్‌కు మీ బాపు దీవిస్తూ రాసేది. నేను ఇక్కడ పానంతోని మంచిగున్న. మీ అమ్మ సిరిసిల్లల మీ మామోళ్ల ఇంటి కాడ ఉన్నది, ఆమె సుత మంచిగనే ఉన్నది. నువ్వు అక్కడ కడుపునిండ తింటున్నవా, జరం గిట్ల రాలేదు గదా?

నీ ఉత్తరం పన్నెండు రోజులకు అందింది. నువ్వడిగినవాటికి ముందు జవాబు చెప్త. మీ అమ్మ మోకాళ్లు కొంచెం నయం. సద్దుల బతుకమ్మ దాక ఉంటనని సమ్మెకు ముందే సిరిసిల్ల పోయి, బస్సులు లేక అక్కడనే ఆగిపోయింది. బస్సులెందుకు లేవంటే మేమే నడుపుతలేం. సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తున్నది. మా డిపో బండ్లన్నీ లోపల వరుసగ నిలబడి దుమ్ము పట్టినయ్. రోజు పొద్దున డ్రైవర్లం, కండక్టర్లం డిపో ముంగట టెంటు కింద కూసుంటున్నం. బడులు బందు, బొగ్గు బాయిలు బందు. కరెంటు ఎప్పుడు పోతదో, ఎప్పుడొస్తదో తెల్వది. మీ మామ బట్టలు నేసే సాంచెలు రోజుకు నాలుగు గంటలు నడిస్తే గొప్ప. తెలంగాణ వస్తదా అని అడిగినవ్. రావాలె. అంతకంటె నాకు తెల్వది.

ఇగ అసలు ముచ్చట. ఎక్కుడు మీద ఆపిన బండి మళ్ల కదిలియ్యవోతే మూడుసార్లు వెనుకకు జారిందని, ఉస్తాద్ అందరి ముంగట తిట్టి మైదానం చుట్టు ఉరికిచ్చిండని, ఇంటికి వచ్చేస్తనని రాసినవ్. "బాపూ, నువ్వు మిలట్రీల ఏడేండ్లు డ్రైవింగ్ నేర్పిన ఉస్తాద్‌వి, క్లచ్ మీది కాలు ఎంత లేపాలెనో జర రాయి" అన్నవ్. అది సదివి నాకు కోపమొచ్చింది. ఎవలి మీదనో నాకే సమజు కాలే. నిన్ను బలవంతంగ మిలట్రీ భర్తీకి తోలింది నేనే గదా.

జవాబు రాద్దామని కూసున్న. నాలుగు కాయితాలు చింపిన. బండి నడుపుడు కాలుకు తెలుస్తది గని కలంకు తెల్వదు. గందుకే ఒక పని పెట్టుకున్న. మీరు నేర్చుకునే మూడు టన్నుల బండి ఉన్నది గదా, దాన్ని ఇరవయ్యో వంతు కొలతతోని చెక్కతోని చేసి, దాని చుట్టు నేను నేర్పిన ట్రైనింగ్ మైదానం గూడ చేసి, ఎక్కుడు మీద ఏడ ఆపాలె, ఏడ లేపాలె అని ఫోటోలు తీసి నీకు పంపుదామనుకున్న. సమ్మెల ఇంట్ల కూసున్నోనికి ఇంకేం పని?

చెప్పినంత అల్కగ కాలే కొడుకా. బండి అంతా కలిపి జానెడున్నర. చక్రాలకు మీ మామ పంపిన పాత కండెలను బిళ్లలు బిళ్లలుగ కోసిన. సాంచెల మీద దారం చుట్టే కట్టె కండెలు, గట్టిగుంటయ్ అనుకున్న. కోస్తుంటే పగిలినయ్. పగలనియ్యి గుండ్రంగ రాలే. తొమ్మిది పారేసినంక నాలుగు కుదిరినయ్, ఆ నాలుగింట్ల మూడే నేలకు ఆనుతయ్, ఒకటి ఎప్పుడు గాలిలనే ఉంటది. దాన్ని అరగదీస్తే ఇంకోటి లేస్తది. ఆకుపచ్చ రంగు కోసం పోతే దుకాణాలు బందు. ఇంట్ల ఉన్న నీలం, పసుపు కలిపితే బురద రంగొచ్చింది. నా పాత ఖాకీ పాయింటు కోసి వెనుక టాపు కుట్టిన, అదొక్కటి మంచిగ కుదిరింది. ప్లైవుడ్ చెక్క మీద రంపపు పొట్టు, ఫెవికాల్ కలిపి ఎక్కుడు పోసిన. ఆరంగనే నడుమ నెర్రె వాసింది. మళ్ల పోసిన. మళ్ల వాసింది. ఒకరోజు ఆ చెక్కను దర్వాజల నుంచి వాకిట్లకు ఇసిరేసిన. పక్కింటి సరోజన చూసి, "ఏందన్నా, గా బొమ్మ మీద గంత కోపం?" అన్నది. పోయి మళ్ల తెచ్చుకున్న.

అన్నీ ఎట్లనో అట్ల అయినయ్ గని ఒక్కటి కాలే. ట్రైనింగ్ బండ్ల నేర్చుకునేటోని కాళ్ల కింద ఒక బ్రేకు, పక్కన కూసున్న ఉస్తాద్ కాళ్ల కింద రెండో బ్రేకు ఉంటది, నీకు తెల్సు. నేర్చుకునేటోడు తప్పు చేస్తే ఉస్తాద్ తొక్కి ఆపాలె. గా రెండో బ్రేకును అగ్గిపుల్ల ముక్కతోని చేసిన. అతికేటప్పుడు విరిగింది. ఇంకోటి చేసిన, అదీ విరిగింది. ఆరు చేసిన. ఆఖరుకు వదిలేసి, ఫోటోల అది కనవడదులే అనుకున్న.

పోయిన సోమవారం డిపో ముంగట వంటావార్పు పెట్టినం. రోడ్డు మీదనే పొయ్యిలు, రోడ్డు మీదనే బంతి. చుట్టు ఊర్ల నుంచి కూలోళ్లు, రైతులు బియ్యం, కూరగాయలు పట్టుకొని వచ్చిండ్రు. నేను మైకు పట్టుకొని "మా కొలువులు మాకే కావాలె" అని ఒర్రి ఒర్రి వచ్చి తినెతందుకు కూసున్న. అన్నం వడ్డిస్తున్న మనిషి నా ముంగట ఆగిండు. సన్నగున్నడు, గడ్డం నెరుస్తున్నది.

"ఉస్తాద్, మంచిగున్నరా?"

ఆ పిలుపుతోనే గుర్తువట్టిన. "సమ్మయ్యా?"

"అవు. ముత్యంపేట సమ్మయ్యనే." విస్తరిల అన్నం పెట్టిండు. "మీరు కోరుట్ల డిపోలనే ఉన్నరని నాకు ముందే తెల్సు. మా దిక్కు బస్సు మీద రారు గని."

నిజమే. ఏడేండ్ల సంది నాకు ముత్యంపేట డ్యూటీ పడ్డప్పుడల్లా ఇంకొకలతోని మార్చుకుంటున్న. ఎందుకో మీ అమ్మకు గూడ చెప్పలే. సమ్మయ్య నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న రిక్రూటు. ఆ రోజు విస్తరి పక్కకు జరిపిన. "ఇంటికి రా సమ్మయ్యా, చాయ తాగి పోదువు" అన్న. వస్తడనుకోలే. వచ్చిండు.

ఇంట్ల బల్ల మీద నమూనా కనవడ్డది. అతను వంగి మెల్లగ చూసిండు. "నీళ్ల ట్యాంకు ఎడమ దిక్కుండె ఉస్తాద్. గీ సున్నం రాళ్లు రెండు వరుసలుండె. నేనే వేసిన గదా సున్నం." నేను తలకాయ ఊపిన. తర్వాత బండి తలుపు దిక్కు నుంచి లోపలికి చూసి అన్నడు:

"రెండో బ్రేకు పెట్టలేదేంది?"

"అతుకుతలేదు."

"ఆ రోజు సుత మీ కాలు దాని మీద లేకుండె."

కోపంగ అనలే. చాయ తాగి, గిలాస కింద పెట్టి పోయిండు.

మహేశ్, ఇప్పుడు చెప్తున్న. ఇన్నేండ్లు ఎవలకు చెప్పలే. తొంభై ఏడుల సమ్మయ్యకు పందొమ్మిదేండ్లు, ఇప్పుడు నీకున్నన్ని. మన దిక్కు పోరడని, బండి దిగినంక నన్ను అన్నా అని పిలిచేటోడు. ఒక పొద్దు ఎక్కుడు మీద బండి ఆపిచ్చిన. మళ్ల కదిలియ్యమని చెప్పి, నేను వెనుకకు తిరిగి, టాపు కింద కూసున్న పోరగాండ్లతోని నవ్వుకుంట మాట్లాడుతున్న. నా కాళ్లు రెండు మడిచి సీటు మీద ఉండె. బండి జారింది. సమ్మయ్య "ఉస్తాద్, బ్రేక్" అని ఒర్రిండు. నేను కాళ్లు దించేసరికే వెనుక నిలబడ్డ ఒక రిక్రూటు పిలగాని కాలు బండికి, గోడకు నడుమ నలిగింది.

పెద్దసార్లు విచారణ పెట్టిండ్రు. నేనేం చెప్పిన్నో తెల్సా? నేను బ్రేకు తొక్కిన, అది ఆగేలోపే రిక్రూటు గాబరవడి క్లచ్ వదిలిండు, చెప్పిన మాట వినలే అని చెప్పిన. సంతకం పెట్టిన. సమ్మయ్యను పనికి రాడని రాసి ఇంటికి తోలిండ్రు. నాకు ఆ యేడే హవల్దార్ పట్టీ వచ్చింది. నువ్వు చిన్నప్పుడు ఆ పట్టీ పట్టుకొని ఆడుకుంటుంటివి.

మైకుల కొలువుల కోసం నెల రోజుల సంది ఒర్రుతున్నోన్ని నేనే. మన దిక్కు పోరని కొలువు తిన్నది గూడ నేనే.

మూడు రోజులు టెంటు కాడికి పోలే. మొన్న శుక్రవారం ఆ నమూనాను గుడ్డల చుట్టి, షేర్ ఆటోల ఒడిల పెట్టుకొని ముత్యంపేట పోయిన. సమ్మయ్య ఇంటి ముంగట వాళ్ల తల్లి మొగిలవ్వ మక్కలు ఒలుస్తున్నది. సమ్మయ్య నన్ను చూసి లేసి నిలబడ్డడు. నేను చెక్కను ఆమె ముంగట పెట్టి, గిది బండి, గిక్కడ నీ కొడుకు, గిక్కడ నేను అని అంతా చెప్పిన. కాళ్లు మడుచుకొని కూసున్న సంగతి గూడ చెప్పిన. ఆమె ఒలుసుడు ఆపలే. అంతా అయినంక అన్నది:

"మా వాడల మొదలు మిలట్రీకి వోయింది వీడే. వీళ్ల నాయిన ఊరంత శక్కరి పంచిండు. వీడు తిరిగొచ్చినంక సచ్చేదాక వీనితోని మాట్లాడలే. నాకు చెప్తివి, మంచిదే. ఊరుకు ఎవలు చెప్తరు?"

నేను చెక్కను మళ్ల గుడ్డల చుట్టవోతున్న.

"చావడి కాడ సమ్మె టెంటున్నది. మైకున్నది. పోదాం పా" అని ఆమె లేసింది.

పోయినం. ఓ నలభై యాభై మందున్నరు. కనకయ్య అని వాళ్ల ఊరి పెద్దమనిషి, కోరుట్ల డిపో అన్న వచ్చిండు, మాట్లాడుతడని మైకు ఇచ్చిండు. సగం మాటలు మింగిన. మళ్ల మొదటి నుంచి చెప్పిన. చెప్పుడు అయినంక ఎవలు సప్పట్లు కొట్టలే, ఎవలు తిట్టలే. ఒకాయన కోపంగ లేసి పోయిండు. కనకయ్య అడిగిండు:

"అయితే సమ్మయ్యకు బండి నడుపొస్తదన్నట్టా?"

"వస్తది" అన్న. "ఆ బ్యాచుల ముప్పై మందున్నరు. అందరికంటె మంచిగ నడిపేది అతనే."

పద్నాలుగేండ్ల సంది సమ్మయ్య చెరుకు లారీల మీద లోడెత్తే పని చేస్తున్నడట. మిలట్రీల మనిషి కాలు విరగ్గొట్టినోడని స్టీరింగు ఎవలు ఇయ్యలేదట. గా మాట నాకు అప్పుడే తెల్సింది. వెనుకకు తిరిగి చూసిన. సమ్మయ్య అక్కడ లేడు. నేను మాట్లాడుతుంటేనే పోయిండన్నరు. మొగిలవ్వ నన్ను చాయ తాగుమనలే, పొమ్మని గూడ అనలే. ఆటో వచ్చేదాక ఒక్కన్నే నిలబడ్డ.

మనసు తేలికైందని రాస్తె అబద్ధమైతది. కాలే. ఇంకా బరువైంది. ట్రైనింగ్ సెంటర్‌కు గూడ అన్నీ రాసి ఒక ఉత్తరం తయారు చేసిన, సమ్మయ్య తప్పు లేదని. ఇన్నేండ్లకు దాన్ని ఎవలు సదువుతరో, నన్నేం చేస్తరో తెల్వది. నువ్వు మిలట్రీలనే ఉన్నవ్, నా పేరు పక్కన నీ పేరు గూడ ఎవలన్న అంటరేమో. గందుకే నీకు ముందు చెప్తున్న.

నువ్వడిగిన దానికి జవాబు గిది. హ్యాండ్ బ్రేకు గుంజే ఉంచు. క్లచ్ మెల్లగ లేపుకుంట పో. బండి ముక్కు కొంచెం లేసి, ఇంజిను గొంతు మారుతది. అప్పుడు కాలు అక్కడనే ఆపి, రేసు ఇచ్చుకుంట హ్యాండ్ బ్రేకు వదులు. ఎవలు తొందరవెట్టినా అంతకు ముందు వదలకు. జారితే జారిందని చెప్పు. నీ ఉస్తాద్ కాలు బ్రేకు మీద లేకుంటే, లేదని పెద్దసార్లకు చెప్పు. భయపడకు.

ఇంటికి వస్తనంటివి. వస్తే రా. బలవంతం చేసింది చాలు. ఉంటనంటే ఉండు. నా పేరు కోసం మాత్రం ఉండకు.

మీ అమ్మ రేపు ఆటోలు మారుకుంట వస్తనన్నది. ఈ ఉత్తరం ఆమెకు సదివి వినిపిచ్చినంకనే డబ్బల వేస్త. ఆమె ఏమంటదో ఇప్పుడే రాయలేను.

ఇట్లు,
మీ బాపు
ఎల్లేశం